వీపు ఆనే చోటు

మా తాతగారి చేతికర్ర నల్లచేవది. ఒకప్పుడు దానికి వెండి పొన్ను ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి పొన్ను అమ్ముడుపోయి కర్ర మాత్రం మిగిలింది. సాయంత్రాలు పిల్లలం హాల్లో కుర్చీల మీద కూర్చుని పద్యాలు అప్పజెబుతుంటే ఆయన మా వెనకగా నడుస్తూ ఆ కర్రను మా వీపుకీ కుర్చీకీ మధ్య నుంచి పోనిచ్చేవారు. అడ్డు లేకుండా ఇవతలికి వస్తే ఏమీ అనకుండా పక్క కుర్చీకి వెళ్లేవారు. వీపుకి తగిలి ఆగిందా, ఆ పిల్లవాడు ఆ పూట నిలబడి భోంచెయ్యాల్సిందే.

"ఆనుకునేవాళ్లు వేరే ఉన్నారు. మనం కాదు," అనేవారు.

అప్పటికి ఎస్టేటు పోయి చాలాకాలమైంది. దాని వెనకే మాన్యాలు పోయాయి. తర్వాత హాల్లో కుర్చీలు ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చాయి. చివరికి ఆ ఇల్లు పెళ్లిళ్లకి అద్దెకిచ్చే మండపం అయింది. ఎవరో తెలిసినవాళ్ల పెళ్లికి నేనూ అక్కడికి వెళ్లాను. మా హాల్లో వరసగా వేసిన ఇనుప కుర్చీల్లో ఒకదాని మీద, వీపు ఆనించకుండా, తాళి కట్టేదాకా కూర్చుని వచ్చాను. అది మా ఇల్లని ఎవరికీ చెప్పలేదు.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, సింగపూర్‌లో నేను చేసిన ఒక పని అర్థం కావాలంటే ఆ కర్ర సంగతి ముందు తెలియాలి.

కంప్యూటర్ ముందు కూర్చోవడం వచ్చిన ప్రతివాడికీ ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరుకుతున్న రోజులవి. నేను చదివింది సివిల్ ఇంజనీరింగు. లెక్కలు కంప్యూటర్ చేత చేయించడం ఆ తర్వాత నేర్చుకున్నాను. నన్ను తీసుకున్న కంపెనీ చిన్నది. ఒక పొడవాటి హాల్లో కుర్రాళ్లు బారులు తీరి కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు. హాలు చివర, ప్రింటర్ల పక్కన, అద్దాల తలుపున్న చిన్న గది ఒకటి ఉండేది. అందులో ఇద్దరమే. మా ఇద్దరికీ వెబ్‌సైట్లతో సంబంధం లేదు.

మా పని ఇది. ఒక వస్తువు కావాలి. గోడకి పైపును పట్టి ఉంచే బ్రాకెట్టు అనుకోండి. మామూలుగా అయితే ఇంజనీరు ముందు దాని బొమ్మ గీస్తాడు, తర్వాత అది బరువు ఆపుతుందో లేదో లెక్క చూసుకుంటాడు. మేం ఏమీ గీసేవాళ్లం కాదు. కంప్యూటర్‌కి ఒక పెద్ద దిమ్మ ఇచ్చేవాళ్లం. అది ఆ దిమ్మను పటికబెల్లం పలుకుల్లాంటి ముక్కలుగా విడగొట్టుకుంటుంది. వస్తువును ఎక్కడ బిగిస్తారో, ఎక్కడ ఎంత బరువు పడుతుందో మేం చెబుతాం. ఏ ముక్క ఎంత కష్టపడుతోందో అది లెక్కగట్టి, ఊరికే ఉన్నవాటిని కాస్త పలచన చేసి, కష్టపడేవాటికి కాస్త బలం ఇస్తుంది. మళ్లీ లెక్క, మళ్లీ పలచన. అలా చెయ్యగా చెయ్యగా ఆ దిమ్మలో బరువు నడిచే దారులు తప్ప ఏమీ మిగలదు. వచ్చిన ఆకారం మనిషి గీసినట్టు ఉండదు. కొమ్మలాగో, కోడి ఎముకలాగో ఉంటుంది.

నాకు ఈ పద్ధతి మొదటినుంచీ నచ్చింది. ఎంతకాలంగా ఉన్నావు, ఎవరి తాలూకు అని అది అడగదు. పని చేస్తే ఉంటావు, లేకపోతే పోతావు. మా కుటుంబాన్ని పడగొట్టిందీ ఇలాంటి లెక్కే. కాకపోతే ఇక్కడ ఆ లెక్క నా చేతిలో ఉంది.

కొన్ని చోట్లను మాత్రం ప్రోగ్రాము ముట్టుకోకూడదు. బోల్టు పట్టే కన్నం చుట్టూ ఉన్న లోహం పని చేసినా చెయ్యకపోయినా అక్కడ ఉండాల్సిందే. అలాంటి చోటికి ఒక గుర్తు పెట్టాలి. దానికి నేను 'మాన్యం' అని పేరు పెట్టాను. శిస్తు లేని భూమి మాన్యమైనట్టే, కోత లేని చోటు ఇది.

ఆ పేరు స్క్రీను మీద చూసి పక్క సీటాయన నవ్వాడు. "ఏంది దొరా, సర్కారు గుంజుకున్న మాన్యాలన్ని ఇక్కడ కంప్యూటర్ల రాసుకుంటున్నవా?"

ఆయన హైదరాబాదీ. పాతబస్తీలో పుట్టి పెరిగిన ముస్లిం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. భార్యాపిల్లలతో, తల్లితో టాంపినీస్‌లోనే, నేను గది అద్దెకు తీసుకున్న బ్లాకుకి ఫీడర్ బస్సులో కాస్త దూరంలో ఉండేవాడు. చేరిన రోజునే నేను కూర్చున్న తీరు చూసి నాకు 'దొర' అని పేరు పెట్టేశాడు. ఆయన నన్ను మొదటి మాటనుంచే 'నువ్వు' అన్నాడు, నేను 'మీరు' అన్నాను. ఇద్దరం చివరిదాకా మారలేదు.

నేనుండే ఫ్లాటు ఒక పెద్దావిడది. వాళ్ల తాతల కాలంలోనే తెలుగునేల వదిలి వచ్చిన కుటుంబం. ఆమె తెలుగులో సగం తమిళం, పావు మలయ్. అందరూ ఆమెను ఆంటీ అనేవాళ్లు. నాకు ఆ మాట నోరు తిరగక 'అమ్మగారు' అనేవాణ్ని.

"అమ్మగారా? నన్ను ఎవ్వరూ అట్లా పిలవలే, తంబీ," అని ఆమె నవ్వేది. "మకాన్ అయిందా? సాంబారు ఉంది."

"అయిందండీ," అనేవాణ్ని, కాకపోయినా. అద్దెకున్న ఇంట్లో భోజనానికి కూర్చోవడం మాకు లేదు. గదిలో బ్రెడ్డు తిని, కిటికీలోంచి ఎదుటి బ్లాకులో వెదురు కర్రల మీద ఆరేసిన బట్టల్ని చూస్తూ కూర్చునేవాణ్ని. ఆదివారాలు మరీ పొడుగ్గా ఉండేవి. కిందికి దిగి, బ్లాకుల మధ్య ఉన్న దారి చివరిదాకా నడిచి, తిరిగి వచ్చేవాణ్ని. ఎదురైనవాళ్లెవరూ నన్ను చూసి పక్కకి తప్పుకునేవాళ్లు కాదు. చిన్నప్పుడు మా ఊళ్లో అంతా తప్పుకునేవాళ్లు. తప్పుకోనక్కర్లేదని ఇక్కడే నేర్చుకున్నాను. కానీ వాళ్లు నన్ను చూసేవాళ్లు కూడా కాదు. దానికి మాత్రం అలవాటు పడలేకపోయాను.

అందువల్ల ఆ అద్దాల గదే నాకు ఊరు. నన్ను ఏదైనా అడిగి, జవాబు కోసం ఆగే మనిషి అక్కడ ఒక్కడున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరం తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్లేవాళ్లం. అక్కడ ముందు ఒక టిష్యూ పొట్లం కుర్చీ మీద పెట్టేసి ఆ తర్వాత అన్నం కొనుక్కోవడానికి వెళ్లాలి. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. ఆ పొట్లం ఉన్న కుర్చీని ఎంత రద్దీలోనైనా ఎవరూ ముట్టుకోరు. నేను ఆ పని చేసేవాణ్ని కాదు. నా స్థానం నిలబెట్టడానికి ఒక కాగితప్పొట్లమా అనిపించేది. ట్రే పట్టుకుని ఎవరైనా లేచేదాకా నిలబడేవాణ్ని. ఆయనే నా కోసం ఇంకో పొట్లం పెట్టేవాడు.

"కూసో దొరా. నీ సింహాసనం చోప్ చేసిన."

ఇలా ఉండగా ఒకరోజు మా బాసు గదిలోకి వచ్చింది. చైనీస్ సింగపూరియన్, నాకంటే వయసులో చిన్నది, చెప్పుల శబ్దం చేసుకుంటూ వేగంగా నడిచే మనిషి. హాల్లో జాగా సరిపోవడం లేదు. మా గది మీద ఆమె కన్ను పడి కొంతకాలమైంది.

"ఎవ్రీబడీ వాంట్ వెబ్‌సైట్. నోబడీ వాంట్ బోన్," అంది, స్క్రీను మీది బ్రాకెట్టును చూపించి. తర్వాత అసలు సంగతి చెప్పింది. ఒక ఫర్నిచర్ తయారీదారుకి ఎగ్జిబిషన్లో పెట్టడానికి కుర్చీ కావాలి, మనిషి కాక కంప్యూటర్ గీసిన కుర్చీ. "చెయిర్ కెన్ సెల్, రూమ్ కెన్ స్టే. కెనాట్ సెల్, యూ టూ కమ్ అవుట్‌సైడ్, డూ వెబ్ పేజ్. ఫెయిర్, రైట్?"

ఫెయిరే. ఆమె వెళ్లాక ఆయన చేతులు తల వెనక పెట్టుకుని, కుర్చీ కిర్రుమనేలా వెనక్కి వాలాడు.

"నేనైతే వెబ్ పేజీలు చెయ్య. జురాంగ్ ఐలాండ్‌ల ప్లాంటోళ్లు పిలుస్తున్రు. పైపుల సపోర్టుల పని. గది పోతే గక్కడికే పోత."

నేను తల ఊపాను. జురాంగ్ ఐలాండ్ మేముండే టాంపినీస్‌కి సరిగ్గా రెండో కొస. అంతా కెమికల్ ప్లాంట్లే, పాసు లేనిదే లోపలికి పోనివ్వరు. గది పోతే నాకు పోయేదేమిటో ఆయనకి చెప్పలేదు. కుర్చీ చెయ్యాలి, అంతే.

ఆ వారంలో ఆయన చిన్నబిడ్డకి జ్వరమొచ్చి సెలవు పెట్టాడు. నేనొక్కణ్నే మొదలుపెట్టాను. నేల నుంచి భుజాల ఎత్తుదాకా దిమ్మ ఇచ్చాను. నేల మీద నాలుగు చోట్ల పాదాలు. కూర్చునే చోటు మాన్యం. దాని మీద మనిషి బరువు నిలువుగా కిందికి. అన్నీ సరిచూసుకుని శుక్రవారం ఆ ప్రోగ్రామును నడవనిచ్చి ఇంటికి వెళ్లాను. ఆ శని ఆదివారాలు నాకు కొంచెం తేలిగ్గా గడిచాయి. గదిలో బ్రెడ్డు తింటున్నా ఊరికి అవతల నా దిమ్మ కరుగుతూ ఉంటుందని తెలుసు.

సోమవారం స్క్రీను మీద ఉన్నది చూసి చాలాసేపు కదల్లేదు. నాలుగు కాళ్లు కింద సన్నగా మొదలై, పైకి పోతూ రెండేసి కొమ్మలుగా చీలి, ఆ కొమ్మలు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునే చోటును అరచేతిలా ఎత్తి పట్టుకున్నాయి. ఒక్క ముక్క వృథా లేదు. అంత మర్యాదగా నిలబడ్డ వస్తువును నేను అంతకుముందు చూడలేదు.

బాసును పిలిచాను. ఆమె ఒక వైపునుంచి చూసింది, తిప్పించి ఇంకో వైపునుంచి చూసింది.

"వెరీ నైస్ స్టూల్," అంది. "వేర్ ఈజ్ మై చెయిర్?"

భుజాల ఎత్తుదాకా చోటిచ్చాననీ, పైన అవసరం లేదని ప్రోగ్రామే తీసేసిందనీ చెప్పాను. లెక్క తప్పు లేదన్నాను.

"కస్టమర్ ఆస్క్ చెయిర్," అని ఆమె తలుపు తీసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ గది పొడవూ వెడల్పూ ఒకసారి చూసుకుంది.

ఆయన అప్పుడే సెలవు నుంచి వచ్చి, భోజనం డబ్బా ఇంకా చేతిలో పట్టుకునే నిలబడి ఉన్నాడు. మెల్లిగా నా పక్కకి వచ్చి నేనిచ్చిన బరువుల జాబితా పైనుంచి కిందికి చదివాడు.

"దొరా, వీపు బరువేది?"

"వీపుకి బరువేమిటండీ?"

ఆయన నా ముఖంలోకి చూశాడు, హాస్యమాడుతున్నానేమోనని. ఆడటం లేదని తెలిశాక డబ్బా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"మనుషులు కుర్చీల కూసుంటే వెనక్కి ఆనుకుంటరు. ఆనుకుంటే వీపు నూకుతది. నువ్వు నూకుడు పెట్టలే, అది వెనక ఉన్నదంత పీకి పారేసింది. దానిదేం తప్పు?" నా వీపు వైపు చూసి అడిగాడు. "నువ్వెన్నడన్న ఆనుకున్నవా?"

గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కాలేజీ బెంచీలు, రైళ్లు, డాక్టరు గుమ్మం ముందు బల్ల. ఈ ఊరికి వచ్చిన విమానంలో కూడా ఎయిర్‌హోస్టెస్ రెండుసార్లు వచ్చి ఏమైనా ఇబ్బందా అని అడగడం గుర్తుకొచ్చింది. అప్పుడు ఎందుకడిగిందో అర్థం కాలేదు.

"లేదండీ," అన్నాను.

"యా అల్లా," అన్నాడాయన, నవ్వకుండా.

దారి ఆయనే చెప్పాడు. తేలికైన దారి. "వీపు దిక్కు ఒక పలక పెట్టు. దాన్ని మాన్యం చేసెయ్. అది కొయ్యదు. చూడ కుర్చీ లెక్కుంటది, ఆమె ఖుష్, గది ఖాయం. ఎగ్జిబిషన్ల ఎవడొచ్చి లెక్కలు చూస్తడు?"

"వద్దండీ."

"కైకు?"

"పని లేకుండా నిలబడి ఉంటుంది కదా అది. మాన్యమని రాశాం కాబట్టి ఉంటుంది. ఆ గుర్తు తీసేసిన రోజున పోతుంది."

"అయితే ఏమాయె?"

"అలా పోయినవి చూశానండీ," అన్నాను.

ఆయన లేచి చొక్కా చేతులు మడుచుకున్నాడు. "సరే. నిజం బరువులే పెడదాం. నీకు ఆనుకునుడు ఎరుక లేదు, నాకు ఎరుకే గానీ ఎంత నూకుతనో ఎరుక లేదు. కొలుద్దాం పా."

గోడకి ఒక ప్లైవుడ్ పలక నిలబెట్టి, దాని వెనక బాత్‌రూములో పెట్టుకునే బరువు చూసుకునే మిషను ఇరికించాం. పలక మీద సుద్దపొడి రాశాం. పలక ముందు వీపు లేని ఒక స్టూలు వేశాం. ఎవరైనా కూర్చుని రోజూ కూర్చున్నట్టే వాలితే, ఎంత బలంతో నెట్టారో మిషను చెబుతుంది, ఎక్కడ నెట్టారో సుద్ద చెరిగిన చోటు చెబుతుంది.

ముందు ఆయనే కూర్చున్నాడు. ఆయన నేరుగా వాలడు. కుడి భుజం వెనక్కి వేసి, మోచెయ్యి పలక అంచు మీదుగా అవతలికి వేలాడేసి, ఏటవాలుగా పడతాడు. తర్వాత అకౌంట్స్ చూసే చైనీస్ ఆంటీ వచ్చింది. ఆమె ఉన్న బరువంతా ఒక్కసారి వదిలేసి "ఐయా" అని ఊపిరి విడిచింది. హాల్లో కుర్రాళ్లు నడుము కింద మాత్రమే ఆనించి, మెడ దాకా జారి కూర్చున్నారు. ఏం జరుగుతోందో చూడ్డానికి బాసు వచ్చి, తనూ కూర్చుంది. చిన్న మనిషి కాబట్టి గుర్తు చాలా కింద పడింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో అందరి వీపుల మీదా తెల్ల మచ్చలే. ఎవరి మచ్చ వాళ్లకి కనపడదు కాబట్టి ఎదుటివాళ్లది చూసి నవ్వుకుంటున్నారు. ఆ ఆఫీసులో అంత నవ్వు నేను మళ్లీ వినలేదు.

"ఇగ నువ్వు దొరా," అన్నాడాయన.

కూర్చున్నాను. వెనక్కి వాలాలి. వాలడమంటే ఏమిటో తెలుసు, అప్పటికే అంతమందిని చూశాను. అయినా నడుము దగ్గర ఏదో పట్టేసింది. ఎవరో వెనక నడుస్తున్నట్టు, చెప్పుల చప్పుడు దగ్గరికొస్తున్నట్టు అనిపించింది. పలక వీపుకి ఇంకాస్త దూరంలో ఉందని తెలుస్తూనే ఉంది. అందరూ చూస్తున్నారు. కొంచెంసేపటికి లేచాను.

ఆయన నా వెనక్కి వచ్చి చొక్కా చూశాడు. నా చొక్కా శుభ్రంగా ఉంది.

"సున్నా రాసుకోనా?" అన్నాడు. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

"రాయండి."

"సున్నా బరువు రాసినా రాయకున్నా ఒకటే గదా. లెక్కల పడదు."

"తెలుసండీ. అయినా రాయండి."

రాశాడు. ఆ వరసలో నా పేరు పక్కన ఒక సున్నా ఉంది.

ఆ బరువులన్నీ ఇచ్చి మళ్లీ నడిపితే ఈసారి వచ్చింది కుర్చీ. కాళ్ల వెనకవైపు నుంచి కొమ్మలు పైకి లేచి, ఎవరి వీపు ఎక్కడ నెట్టిందో అక్కడికి వెళ్లి ఆగాయి. అడ్డంగా లావుపాటిది ఒకటి అకౌంట్స్ ఆంటీ కోసం పుట్టింది. నడుము దగ్గర వంపు తిరిగినవి రెండు కుర్రాళ్లవి. బాగా కింద, బొటనవేలంత సన్నది, బాసుది. కుడివైపున ఒక కొమ్మ మిగతావాటినుంచి విడిపోయి పక్కకి సాగి, చివర మోచెయ్యి వేసుకోవడానికి ఉన్నట్టు వంగింది. అది ఎవరిదో చెప్పక్కర్లేదు. నిటారుగా కూర్చునేవాడి వీపు వెనక, సరిగ్గా నడిమధ్య, ఖాళీ. అక్కడ ఎవరూ నెట్టలేదు.

అల్యూమినియంలో పోత పోయించారు. మొదటి పోతలో ఒక కాలి దగ్గర చిన్న బొబ్బ వస్తే దాన్ని పక్కన పెట్టి రెండోది పోశారు. ఎగ్జిబిషన్లో దాని చుట్టూ మనుషులు మూగారు. ఫర్నిచర్ ఆయన వచ్చి కూర్చున్నాడు, వాలాడు, కళ్లు మూసుకున్నాడు. మేమిద్దరం వెనక వరసలో నిలబడి ఉన్నాం. హైదరాబాదీ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను వదిలించుకోలేదు.

ఫర్నిచర్ ఆయన లేచి కుర్చీ వీపు మధ్య ఖాళీలో చెయ్యి పెట్టి చూశాడు. ఇక్కడెందుకు కన్నం అని అడిగాడు.

"ఫర్ ఎయిర్‌ఫ్లో," అంది బాసు, రెప్ప వెయ్యకుండా.

కుర్చీని కొన్నారు. ఆ సాయంత్రం బాసు మా గదికి వచ్చి ఇద్దరికీ చెయ్యి కలిపింది. కానీ కూర్చోలేదు. కొన్నవాళ్లకి ఆకారం కావాలి, ప్రోగ్రాము అక్కర్లేదు. ఆ ఒక్క ఆకారాన్నే ఎన్నేళ్లయినా పోత పోసుకుంటారట. కొత్తది అడగరు. ఇంకో కస్టమరు ఎవరూ లేరు.

"యూ సెడ్ ఇఫ్ కెన్ సెల్," అన్నాడు ఆయన.

"సోల్డ్ వన్ టైమ్ ఓన్లీ, వాట్ టు డూ," అంది ఆమె. ఆమె గొంతులో నిజంగానే బాధ ఉంది. అయినా వారం తిరక్కుండా అద్దాల తలుపు తీసేశారు. గదిలో కుర్రాళ్ల బల్లలు పడ్డాయి. నాకు హాల్లో ఒక సీటు దొరికింది. ఆయన జురాంగ్ ఐలాండ్‌కి ఒప్పుకున్నాడు.

గది ఖాళీ చేసేటప్పుడు బొబ్బ పడిన మొదటి కుర్చీ మిగిలింది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోమంది బాసు. "దొరకు ఇయ్యాలె. ఇంట్ల సింహాసనం లేదు," అన్నాడాయన. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ట్రైనెక్కించాం. పెట్టెలో ఖాళీ సీటు ఒక్కటి కూడా లేదు. ఆయన కుర్చీని తలుపు పక్కన వేసి దాని మీదే కూర్చున్నాడు. కుడి భుజం ఆ కొమ్మకి ఆనించి, మోచెయ్యి వేలాడేసి, రాజులా కూర్చున్నాడు. జనం చూస్తున్నారు. ఒక ముసలాయన బొటనవేలు పైకెత్తి చూపించాడు. నేను కడ్డీ పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"సీటు దొరకకుంటే సీటే తెచ్చుకున్నం," అన్నాడు. కొన్ని స్టేషన్ల తర్వాత, నావైపు చూడకుండా, "ఒక్కసారన్న నన్ను 'నువ్వు' అను దొరా," అన్నాడు.

"అలవాటు లేదండీ."

"ఔ. ఎరుకే."

నా గదిలో కుర్చీని కిటికీ పక్కన పెట్టాం. పెద్దావిడ వచ్చి చూసి, "ఇది ఏం కుర్చీ తంబీ, చేప ముళ్లు మాదిరి?" అని, ఆయనకి టీ ఇచ్చింది. ఆయన నిలబడే తాగాడు. వెళ్లేముందు జేబులోంచి టిష్యూ పొట్లం తీసి కుర్చీ మీద పెట్టాడు.

"చోప్. ఎవ్వల్ని కూసోనియ్యకు. మళ్లొస్త."

ఫోన్లు కొన్నాళ్లు నడిచాయి. ప్లాంటులో షిఫ్టులు, పాసులు, ద్వీపం దాటి రావడానికే పట్టే పొద్దు. వాళ్లమ్మగారు ఒకసారి తనే ఫోను చేసి పండక్కి రమ్మన్నారు. వెళ్లి, కింద పరిచిన గుడ్డ చుట్టూ అందరితో కలిసి కూర్చున్నాను. నేల మీద అందరూ నిటారుగానే ఉన్నారు, ఎవరికీ వెనక ఏమీ లేదు. ఆ రోజు ఆయన షిఫ్టులో ఉన్నాడు. తర్వాత వాళ్ల కుటుంబం పనికి దగ్గరగా ఊరి పడమటి వైపుకి మారింది.

హాల్లో నాకు వెబ్ పేజీల పని వచ్చింది. కష్టం కాదు. ఏదీ దేన్నీ మొయ్యదు. హాకర్ సెంటర్‌లో ట్రే పట్టుకుని నిలబడటం మళ్లీ మొదలైంది.

గది ఊడ్చినప్పుడల్లా పెద్దావిడ ఆ పొట్లం తీసి బల్ల మీద పెట్టేది. సాయంత్రం వచ్చి నేను మళ్లీ కుర్చీ మీద పెట్టేవాణ్ని. ఆమెకి అది నచ్చలేదు. "కూర్చోడానికి కదా కుర్చీ. ఎవరికి చోప్ చేసి పెట్టినావు?" అని అడిగింది. ఏమీ లేదన్నట్టు నవ్వాను.

ఒక ఆదివారం వాన. కిందికి దిగడానికి లేదు. ఎదుటి బ్లాకువాళ్లు వెదురు కర్రలు లోపలికి లాక్కున్నారు, చూడ్డానికి బట్టలు కూడా లేవు. పొట్లం తీసి చేతిలో పట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నాక, ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, వెనక్కి వాలాను. నడుము దగ్గర పట్టింది. అయినా వాలాను.

వీపుకి ఏమీ తగల్లేదు. అటూ ఇటూ కొమ్మలున్నాయి, నేను వెళ్లిన చోట గాలి ఉంది. నవ్వొచ్చింది. సున్నా అని రాయమన్నది నేనే. తాతగారి కర్ర ఆ చోటునుంచి ఎంత సులువుగా పోయేదో అనుకున్నాను.

ఆనుకోవాలంటే వేరేవాళ్ల చోటికి జరగాలి. అకౌంట్స్ ఆంటీ కొమ్మ నాకు మరీ వెడల్పు. బాసుది అందదు. కుడివైపుకి జరిగాను. భుజం వెనక్కి వేసి, మోచెయ్యి ఆ వంపు మీదుగా అవతలికి వేలాడేశాను. అలా కూర్చోవడం నాకు బొత్తిగా చేతకాదు, ఎవరైనా చూస్తే తలదించుకునేవాణ్ని. కొమ్మ నా బరువు తీసుకుంది. ఆయన కోసం పుట్టింది, నన్ను ఎరగదు, అయినా తీసుకుంది.

వాన తగ్గేదాకా అలాగే ఉన్నాను. తర్వాత లేచి చొక్కా సర్దుకుని, పొట్లాన్ని కుర్చీ మీద దాని చోట పెట్టాను.